ఒకే ఖీమా శాండ్‌విచ్, ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు లెక్కలు: ఉద్దానం కుటుంబం కేస్ స్టడీ

శ్రీకాకుళంలో డైటీషియన్‌గా నా దగ్గరికి కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు కూర్చోగానే చెప్పే మొదటి అంకె క్రియాటినిన్. కండల నుంచి రక్తంలో చేరే ఈ వ్యర్థాన్ని కిడ్నీలు బయటికి పంపాలి, అవి దెబ్బతింటే ఈ అంకె పెరుగుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు పెద్దగా చదువుకోనివాళ్లు కూడా ఆ అంకెను దశాంశంతో సహా చెబుతారు. దాదాపు ప్రతి వీధిలోనూ ఒక కిడ్నీ రోగి ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. అందుకే 24 ఏళ్ల కుర్రాడి రిపోర్టులో 1.4 కనిపించగానే ఆ ఇల్లు ఎంత టెన్షన్ పడి ఉంటుందో నాకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

తండ్రికి 54 ఏళ్లు. జీడి, కొబ్బరి తోట ఉన్న రైతు. ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్. కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ శీతాకాలం సెలవులకి ఇంటికి వచ్చాడు. "నువ్వు కూడా ఒకసారి చూపించుకో నాయనా" అని తల్లి పట్టుబట్టడంతో రక్త పరీక్ష చేయించుకున్నాడు. క్రియాటినిన్ 1.4, దాన్నిబట్టి లెక్కగట్టిన ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, 72. ఆ వయసు కుర్రాడికి వందకి అటూ ఇటూ ఉండాల్సిన అంకె అది. బీపీ 138/88. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 154, ట్రైగ్లిజరైడ్లు 190. వెళ్లేటప్పుడు 66 కిలోలు, వచ్చేటప్పటికి 78. ఎత్తు 172 సెంటీమీటర్లు. హిమోగ్లోబిన్ 14.6, బి12 బాగానే ఉన్నాయి.

నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఆ కాగితం వెనక "తిండి వివరాలు పూర్తిగా రాసి పంపండి" అని రాసి నా దగ్గరికి పంపారు. అలా అడిగే డాక్టర్లంటే నాకు గౌరవం. కుర్రాడికి 1.4 చూడగానే జబ్బు పేరు పెట్టేయడం చాలా తేలిక.

తల్లి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అక్కడ ఆ గొడ్డుమాంసం రొట్టె తింటన్నాడంటమ్మా. దానివల్లేనా? ఏటుంటాది అందులో?"

ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పాలంటే శాండ్‌విచ్‌ని విప్పి చూడాలి.

శాండ్‌విచ్ విప్పితే

కుర్రాడు రాత్రిపూట వండుకునేది అమెరికాలో స్లాపీ జో అనే రకం. బీఫ్ ఖీమాని పెనం మీద వేయించి, ఉల్లిపాయ వేసి, సీసాలో దొరికే తీపి టమాటా సాస్ పోసి, బన్ను మధ్యలో పెట్టి, పైన ఒక చీజ్ స్లైసు. తిండి వివరాలు అడిగేటప్పుడు ఏం తిన్నావన్న దగ్గర నేను ఆగను. ఎంత, ఏ గిన్నెలో, వండాక మిగిలిన కొవ్వు ఏమైంది అని అడుగుతాను. ఇతని ఫోనులో తను వండిన వంటల ఫోటోలు ఉన్నాయి. ఒకదాంట్లో పెనం అంచున నారింజ రంగు కొవ్వు వేలు మందాన నిలిచి ఉంది. దాన్ని వంపేశావా అంటే, "లేదు మేడమ్, సాస్ అందులోనే పోస్తాను, రుచి దాంట్లోనే ఉంటుంది" అన్నాడు.

అక్కడ ప్యాకెట్ మీద 80/20 అని ఉంటుంది. అంటే నూటికి 80 పాళ్లు కండ, 20 పాళ్లు కొవ్వు. చట్టప్రకారం అక్కడి గ్రౌండ్ బీఫ్‌లో కొవ్వు 30 శాతం దాటకూడదు. చవకైనది, విద్యార్థులు ఎక్కువగా కొనేది ఈ 80/20 రకమే. పచ్చిది 100 గ్రాములు తీసుకుంటే 254 కేలరీలు, 17 గ్రాముల ప్రోటీన్, 20 గ్రాముల కొవ్వు. అందులో ఏడున్నర గ్రాములు సంతృప్త కొవ్వు. ఇనుము సుమారు 2 మిల్లీగ్రాములు, జింక్ 4, బి12 రెండు మైక్రోగ్రాములకి కాస్త పైన.

ఒక పౌను ప్యాకెట్, అంటే 454 గ్రాములు, మూడు శాండ్‌విచ్‌లు చేస్తాడు. ఒక్కోదానికి 150 గ్రాముల పచ్చి ఖీమా. కొవ్వు వంపకపోతే ఆ మాంసానికే 380 కేలరీలు, 30 గ్రాముల కొవ్వు. వంపేసి ఉంటే 285 కేలరీల దగ్గర, 18 గ్రాముల కొవ్వుతో ఆగేది. ప్రోటీన్ రెండు విధాలా 26, 27 గ్రాములే. పెనాన్ని ఒక్కసారి వంచితే వంద కేలరీలు, 12 గ్రాముల కొవ్వు పోతాయి, ప్రోటీన్ మాత్రం ఎక్కడికీ పోదు. ఈ కేసు మొత్తంలో ఆ కుర్రాడు వెంటనే ఒప్పుకున్న విషయం ఇదొక్కటే.

మిగతావి కూడా కలుపుదాం. బన్ను 140 కేలరీలు, సోడియం 240 మిల్లీగ్రాములు. చీజ్ స్లైసు 70 కేలరీలు, సోడియం 250. పావు కప్పు సాస్ 45 కేలరీలే కానీ సోడియం 400 దాటుతుంది, పైగా రెండు చెంచాల చక్కెర. ఉప్పు వేయని మాంసంలో సహజంగా ఉన్న సోడియం వంద మిల్లీగ్రాములే. మొత్తం కలిపితే ఒక్క శాండ్‌విచ్ 640 కేలరీలు, 35 గ్రాముల ప్రోటీన్, 16 గ్రాముల సంతృప్త కొవ్వు, వెయ్యి మిల్లీగ్రాముల సోడియం. పీచు మూడు గ్రాములు కూడా లేదు.

రాత్రికి రెండు తింటాడు. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన 2,000 మిల్లీగ్రాముల సోడియం హద్దు ఆ ఒక్క పూటతోనే అయిపోతుంది. పొద్దున్న, మధ్యాహ్నం తిన్నదంతా దానికి అదనం. సంతృప్త కొవ్వు 32 గ్రాములు. ఇతనికి రోజంతటికీ 24 దాటకూడదు. వారంలో అయిదు రాత్రులు ఇదే భోజనం అంటే, వండిన ఎర్రమాంసం కిలో దాటుతుంది. క్యాన్సర్ నివారణ కోసం ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి చెప్పే వారపు హద్దు వండాక 350 నుంచి 500 గ్రాములు. మేక, గొర్రె కూడా ఎర్రమాంసమే. కాబట్టి మన ఊరి మటన్‌కీ ఇదే హద్దు.

ఇంతా చెప్పి దీన్ని చెత్త తిండి అంటే అది అబద్ధమవుతుంది. ఇతని హిమోగ్లోబిన్, బి12 బాగుండడంలో ఈ మాంసానికీ వాటా ఉంది. ఒక్క శాండ్‌విచ్‌లో మూడు మైక్రోగ్రాముల బి12 ఉంటుంది, పెద్దవాళ్ల రోజు అవసరం అంతకంటే తక్కువే. మాంసంలోని హీమ్ ఇనుము 15 నుంచి 35 శాతం వరకు ఒంటబడుతుంది. ఆకుకూర, పప్పు, చోడి (రాగి) పిండిలోని ఇనుము ఒంటబట్టేది చాలా తక్కువ, దాని మీద టీ తాగితే ఇంకా తగ్గుతుంది. మన దేశంలో మగవాళ్లకి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతుంటే అమెరికాలో 8 చాలంటారు. ఇంత తేడాకి కారణం చాలావరకు ఇదే.

తల్లికి నేను చెప్పిన జవాబు: గొడ్డుదా మేకదా అన్న తేడా కిడ్నీకి లేదమ్మా. ఏ మాంసం తినాలన్నది మీ ఇంటి విషయం, మీ అబ్బాయి విషయం. బీపీని పెంచుతున్నది ముఖ్యంగా సాస్, చీజ్, బన్నుల ఉప్పు, దానికి తోడు పెరిగిన బరువు. ఎల్‌డీఎల్‌ని పెంచుతున్నది వంపకుండా వదిలేసిన కొవ్వు, చీజ్. తండ్రికి కిడ్నీ జబ్బున్న పిల్లాడికి బీపీ 138 అంటే నాకు అన్నిటికంటే ముందు అదే పట్టించుకోవాల్సిన అంకె.

మరి ఆ 1.4?

పరీక్షకి ముందు రాత్రి ఏం తిన్నావని అడిగాను. ఇంటికి వచ్చిన సంతోషంలో బావమరుదులకి, చెల్లెలికి అమెరికా వంట రుచి చూపిద్దామని కిలో మేక ఖీమా తెచ్చి, బేకరీ బన్నులు, చీజ్ స్లైసులు, సీసా సాస్‌తో తనే చేశాడు. తను మూడు తిన్నాడు. మర్నాడు పొద్దున్నే రక్తం ఇచ్చాడు. ఇంకో సంగతి బ్యాగులోంచి బయటపడింది. జిమ్ కోసం రోజూ ఒక చెంచా క్రియాటిన్ పొడి తాగుతున్నాడు. "అది ప్రోటీనే కదా మేడమ్, మందు కాదు కదా" అనుకుని డాక్టరుకి చెప్పలేదు.

జంతువుల కండలో క్రియాటిన్ సహజంగానే ఉంటుంది. కిలో పచ్చి మాంసంలో నాలుగైదు గ్రాములు. మాంసాన్ని సెగ మీద వండినప్పుడు అందులో కొంత క్రియాటినిన్‌గా మారుతుంది. అది పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి చేరుతుంది. అలా గట్టిగా మాంసం తిన్న తర్వాత కొన్ని గంటలపాటు, కిడ్నీలు మామూలుగా పని చేస్తున్నా, రిపోర్టులో అంకె పెరుగుతుంది. పొడి తాగితే అది ఇంకొంచెం. బాగా కండ ఉన్నవాళ్లకి, ముందు రోజు గట్టిగా వ్యాయామం చేసినవాళ్లకి కూడా కొంత ఎక్కువే కనిపిస్తుంది. ఇవన్నీ ఒకే వ్యక్తిలో ఒకే రోజు కలిశాయి.

అలాగని "ఏం ఫర్లేదు" అని పంపేయడానికి వీల్లేదు. ఇది ఉద్దానం. ఇక్కడి జబ్బు చాలామందిలో షుగర్, బీపీ లేకుండానే, చాలాకాలం ఏ లక్షణమూ లేకుండా ముదురుతుంది. అందుకే నెఫ్రాలజిస్టు మూడు పనులు చేశారు. పొడి ఆపించి, చివరి రెండు రోజులు మాంసం, చేపలు లేకుండా ఉంచి మళ్లీ క్రియాటినిన్ చూశారు. కిడ్నీ పనితీరునే చూపిస్తూ, మాంసంతో మారని సిస్టాటిన్ సి పరీక్షకి రక్తం విశాఖపట్నం పంపారు. పొద్దుటి మూత్రంలో అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ ఎంత పోతోందో చూసే ఏసీఆర్ చేయించారు. క్రియాటినిన్ 1.1కి దిగింది, ఈజీఎఫ్ఆర్ 96. సిస్టాటిన్ సి మామూలుగా ఉంది. ఏసీఆర్ 30కి చాలా దిగువన ఉంది. దీర్ఘకాల కిడ్నీ జబ్బు అనడానికి ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగానో, మూత్రంలో అల్బుమిన్ లాంటి దెబ్బ గుర్తులతోనో కనీసం మూడు నెలలు నిలవాలి. ఇతనికి అందులో ఏదీ లేదు.

ఆ తల్లి రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుని, మళ్లీ తీసి, 1.1 మీద వేలు పెట్టి "ఇదేనా అమ్మా?" అని రెండోసారి అడిగింది. అవునన్నాను.

ఆ రాత్రి తండ్రి తిన్న ఒక్కటి

ఈ కేసులో అసలు కష్టం నాకు ఇక్కడ కనిపించింది. ఖీమా రాత్రి గురించి చెబుతుంటే, అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న తండ్రి "నేనూ ఒకటి తిన్నాను లెండి" అన్నారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రాత్రంతా దాహం. తర్వాతి డయాలసిస్‌కి మామూలుగా రెండు కిలోలు పెరిగే బరువు మూడుకి పైగా పెరిగింది. ఉప్పు తిన్నాక నీళ్లు తాగకుండా ఉండమంటే ఎవరి వల్లా కాదు. చీజ్, సాస్, బన్ను కలిసి కొడుక్కి బీపీ పెంచితే, తండ్రికి ఒంట్లో నీరు చేర్చాయి.

ఇంకోటి కూడా జరిగింది. ప్రాసెస్ చేసిన చీజ్‌లో ఫాస్ఫేట్ ఉప్పులు కలుపుతారు. మాంసంలో సహజంగా ఉన్న ఫాస్ఫరస్‌లో సగం అటూ ఇటూ, పప్పులోది అంతకంటే తక్కువ ఒంటబడితే, ఇలా కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తుంది. పాడైన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. తండ్రి ఫాస్ఫేట్ అప్పటికే ఎక్కువ, 5.9.

అయితే ఆయన రిపోర్టులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది రక్తంలో అల్బుమిన్ 3.1కి తగ్గడం. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి అది తగ్గడం మంచి సూచన కాదు. ఆయన రోజు తిండి: పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నంలో సొరకాయో బీరకాయో, పలచటి మజ్జిగ, రాత్రి రెండు ఇడ్లీలు. ప్రోటీన్ లెక్కేస్తే 30 గ్రాములు. ఎందుకిలా అంటే తల్లి చెప్పింది: "మాంసం, గుడ్డు, పప్పు ముట్టుకోవద్దని మూడేళ్ల కిందటే చెప్పారమ్మా. ఆ రోజు నుంచీ నేను పెట్టనే లేదు."

ఆమె ఎంత నిష్ఠగా పాటించిందో వింటే బాధేసింది. డయాలసిస్ మొదలవకముందు ప్రోటీన్ తగ్గించమనడం సరైన సలహానే. డయాలసిస్ మొదలైన రోజు ఆ లెక్క తిరగబడుతుంది. ఒక్కో సెషన్‌లో రక్తంలోంచి 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు పోతాయి. కిలో బరువుకి 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ తినాలి. 51 కిలోల ఈయనకి 51 నుంచి 61 గ్రాములు. పథ్యం మారిందని ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు. ఇలా పాత పథ్యంతోనే డయాలసిస్‌లో కండ కరిగిపోతున్నవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు. డయాలసిస్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే వంట చేసే మనిషిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పాలి. రోగికి చెబితే సరిపోదు.

ఆయన్ని "మీకేం తినాలనుంది?" అని అడిగితే "అదే, ఆ రొట్టె ఖీమా" అన్నారు. అయితే అదే చేద్దామన్నాను.

తొడ మాంసం 75 గ్రాములు, కొవ్వు కలపకుండా ఖీమా కొట్టించాలి. మేక మాంసం కండ వరకే అయితే వందకి రెండు, మూడు గ్రాముల కొవ్వే. అయితే కొట్లో ఖీమా అడిగితే మెత్తగా ఉంటుందని కొవ్వు కూడా వేసి కొడతారు. కాబట్టి ఎదురుగా నిలబడి ముందే చెప్పాలి. ఆ ఖీమాని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. పొటాషియం, ఫాస్ఫరస్ కొంత ఆ నీళ్లతో పోతాయి. "రుచంతా పోద్ది కదమ్మా" అంది తల్లి. పోయిన రుచి తిరిగి రావడానికి అల్లం, వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర, చివర్లో నిమ్మరసం. ఉప్పు లేదు. టమాటా రెండు ముక్కలకి మించి వద్దు. బన్ను బదులు మామూలు బ్రెడ్డు రెండు స్లైసులు. చీజ్, సీసా సాస్ అసలే వద్దు. ఈ శాండ్‌విచ్‌లో ప్రోటీన్ 20 గ్రాములు, సోడియం 350 మిల్లీగ్రాముల లోపు, ఫాస్ఫరస్ 180 దగ్గర. ఫాస్ఫేట్ బైండర్ మాత్ర భోజనం మధ్యలో వేసుకోవాలి. ఆయన అప్పటిదాకా పరగడుపున మింగుతున్నారు. అలా వేసుకుంటే అది తిండిలోని ఫాస్ఫేట్‌ని పట్టుకోలేదు.

ఈ శాండ్‌విచ్ వారానికి మూడుసార్లు. మిగతా రోజుల్లో చేప. రోజూ మూడు గుడ్ల తెల్లసొన, దాంట్లో పది గ్రాములకి పైగా ప్రోటీన్ ఉన్నా ఫాస్ఫరస్ లేనట్టే. ఎండు నెత్తళ్లు వద్దన్నాను, ఉప్పు వల్ల. తోటలోదే కదా అని రోజూ తాగుతున్న కొబ్బరినీళ్లు పూర్తిగా మాన్పించాను. ఒక గ్లాసులో 500, 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, ఆయన పొటాషియం అప్పటికే ఎక్కువ, 5.4. సొంత చెట్టు కాయలు తాగొద్దంటే ఉద్దానం రైతుకి ఎంత కష్టమో నాకు తెలుసు. జీడిపప్పు సంగతీ అంతే.

ఖీమా గురించి ఒక జాగ్రత్త ఇద్దరికీ చెప్పాను. ముక్క మాంసంలో క్రిములు పైపైనే ఉంటాయి, ఖీమా కొట్టాక అవి లోపలంతా కలుస్తాయి. 1993లో అమెరికాలో సరిగ్గా ఉడకని హాంబర్గర్ల వల్ల ఈ.కోలై ఓ157 సోకి ఏడొందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ క్రిమి విషం కొందరిలో కిడ్నీలనే దెబ్బతీస్తుంది. గ్రౌండ్ బీఫ్ లోపల 71 డిగ్రీల సెల్సియస్ చేరాలన్నది ఇంట్లో వండుకునేవాళ్లకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే సలహా. రూమ్మేట్లు లోపల గులాబీ రంగు ఉన్న బర్గర్ పెడితే తినొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను. ఇక్కడైతే కొట్టించిన ఖీమాని తేగానే వండేయాలి, లేదా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

కొడుకు శాండ్‌విచ్, ఇప్పుడు

తిరిగి వెళ్లాక అతను 90/10 రకం కొంటున్నాడు. ఒక్కోదానికి 100 గ్రాములే. దాంట్లో అరకప్పు ఉడికించిన రాజ్మా కలుపుతాడు. ఉప్పు లేని టమాటా ప్యూరీతో సాస్ తనే చేసుకుంటాడు. గోధుమ బన్ను, పక్కన ఒక గిన్నెడు పచ్చి కూరగాయలు, చీజ్ లేదు. ఒక్కటే తింటాడు, వారానికి మూడు రాత్రులు. లెక్క ఇలా తేలింది: 470 కేలరీలు, 32 గ్రాముల ప్రోటీన్, సంతృప్త కొవ్వు అయిదు గ్రాముల లోపు, సోడియం 500 దగ్గర, పీచు పది గ్రాములకి పైగా. పాత శాండ్‌విచ్‌తో పోలిస్తే ప్రోటీన్ మూడు గ్రాములు తగ్గింది, సోడియం సగమైంది. మొదటి వారం "చప్పగా ఉంది" అని మెసేజ్ పెట్టాడు. పచ్చిమిర్చి, వేయించిన జీలకర్ర వేసుకోమన్నాను. క్రియాటిన్ పొడి మానేశాడు. మూడు నెలలకి బరువు 74, బీపీ 124/80, ఎల్‌డీఎల్ 126. అక్కడ చేయించిన క్రియాటినిన్ 1.1.

తండ్రికి అల్బుమిన్ మూడు నెలల్లో 3.5కి వచ్చింది, ఫాస్ఫేట్ 5.2. పొటాషియం 4.9. డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య పెరిగే బరువు రెండు కిలోల లోపే ఉంటోంది. ప్రోటీన్ ఇంకా 50కి అందలేదు, 46 దగ్గర ఉంది. సెషన్ ఉన్న రోజుల్లో సోంపేట నుంచి అలసిపోయి వచ్చి తినకుండా పడుకుంటున్నారు. అందుకని ఆ రోజుల్లో శాండ్‌విచ్ రాత్రి భోజనానికి ఉంచకుండా, చుట్టి ఇచ్చి సెషన్ అవగానే బండిలోనే తినేలా మార్చాం. నాలుగో నెల రక్త పరీక్షతో అది ఎంత పనిచేసిందో చూస్తాం. కొడుక్కి ఏడాదికోసారి ఏసీఆర్, ఈజీఎఫ్ఆర్ చూడాలి, పరీక్షకి ముందు రెండు రోజులు మాంసం లేకుండా. చెల్లెలికి కూడా అదే పద్ధతిలో మొదటి పరీక్ష చేయించాం. క్రియాటినిన్ 0.7, ఏసీఆర్ మామూలే.